అరకులో రెండు రోజులు, ఒకే ఒక్క ఫైలు

శ్రోతలకు నమస్కారం.

లేబర్ కోర్టు లాయర్లు ఏడాదికి రెండు రోజులు నల్లకోటు ఇంట్లో తగిలించేసి, వాయిదాలకు దూరంగా, చెట్ల నీడన కూర్చుని తమ పనిని తామే సరిచూసుకోవాలి. ఈ పూట ఆ రెండు రోజుల గురించి చెప్పుకుందాం. లాయర్ల సంగతి మనకెందుకు అనుకోకండి. ఉద్యోగం పోయిన మనిషి కేసు ఒక్కోసారి ఒక్క రోజు లెక్క మీద నిలబడుతుంది. అవును, ఒక్క రోజు. ఆ రోజును పట్టుకోవడం అలవాటు కావాలంటే తీరిగ్గా కూర్చోవాలి. కోర్టు వరండాలో ఆ తీరిక దొరకదు.

ముందు చోటు చూద్దాం. విశాఖపట్నం లాయర్లకు అరకును మించింది లేదు. ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ ఉన్న ఊరది. కార్మిక వివాదాలకు కొదవ లేదు. అక్కడి నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. ఎత్తు 900 మీటర్ల పైనే. తెల్లవారుతూనే కిరండూల్ రైలెక్కితే, సొరంగం తర్వాత సొరంగం దాటుకుంటూ మధ్యాహ్న భోజనానికి ముందే దిగిపోవచ్చు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు శృంగవరపుకోట దాటాక ఘాట్ మలుపులు గుర్తుపెట్టుకోవాలి. కడుపునిండా తిని బస్సెక్కిన వాళ్లకు తొలి పూట చర్చ ఇక చర్చలా ఉండదు.

వెళ్లడానికి నవంబరు మంచిది. వలిసె పూలు ఇంకా పచ్చగా పరుచుకుని ఉంటాయి, సిల్వర్ ఓక్ చెట్ల కింద కాఫీ పండు ఎర్రబడుతూ ఉంటుంది. డిసెంబరు ఆఖరుకు గదులు దొరకవు, రాత్రి చలికి పెద్ద వయసు వాళ్లు ఇబ్బంది పడతారు. వానాకాలం అసలు వద్దు. కొండ మీద నుంచి బండరాళ్లు జారిపడితే రైలు ఆగిపోతుంది, సోమవారం వాయిదాలు పోతాయి.

దారిలో బొర్రా స్టేషను వస్తుంది. లాయరైన వాడు అక్కడ కిటికీలోంచి బయటికి చూడాలి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు ఈ అనంతగిరి కొండల గనుల లీజుల మీదే పుట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమి అయినా సరే, గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వరాదని చెప్పిన తీర్పది. మనం విడిదికి వెళ్లేది అలాంటి నేల మీదికి. సంతలో గిరిజనులను అడక్కుండా ఫొటోలు తీయకపోవడం, తోటలో కాఫీ కొమ్మలు విరవకపోవడం వచ్చినవాళ్ల కనీస మర్యాద.

ఇక మనుషులు. 24 మంది చాలు. ఆరుగురు చొప్పున నాలుగు జట్లు. ఒక్కో జట్టులో యాజమాన్యాల తరఫున వాదించేవాళ్లు ఇద్దరు, కార్మికుల తరఫున ఇద్దరు, ఒక జూనియర్, ఒక యూనియన్ నాయకుడు. యూనియన్ నాయకుడు ఎందుకంటారా? 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం రాజీ అధికారి ముందు లాయరుకు చోటే ఉండేది కాదు. లేబర్ కోర్టులో కూడా అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే లాయరు వాదించాలి. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే పద్ధతి. కాబట్టి ఈ రంగంలో కోటు లేని వాదనాపరులు ఎప్పుడూ ఉన్నారు. మస్తరు, అంటే హాజరు పుస్తకం గురించి వాళ్లకు తెలిసినంత చాలామంది లాయర్లకు తెలియదు. వాళ్లను పిలవని సమావేశం సగం సమావేశమే.

ఖర్చు ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. ఏ కంపెనీ డబ్బూ తీసుకోకూడదు, భోజనం ఖర్చు కూడా. కార్మిక వివాదాలు విచారించే ట్రిబ్యునల్‌లో కూర్చున్న న్యాయాధికారిని పిలవకూడదు. ఆయన ముందున్న కేసుల లాయర్లు ఆయనతో కలిసి కాఫీ తోటలో నడవడం చూడ్డానికి బాగుండదు, నిజంగానూ బాగుండదు. నడుస్తున్న కేసు పేరు, కక్షిదారు పేరు ఎవరి నోటా రాకూడదు. క్లయింటు చెప్పిన మాట లాయరు బయటపెట్టకూడదని ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ చెబుతోంది. చలిమంట చుట్టూ కూర్చున్నప్పుడు ఆ సెక్షన్ సెలవు తీసుకోదు.

ఇలాంటి సమావేశాలు చెడిపోయేది ఎక్కువగా ఒకే కారణానికి: ఉపన్యాసాలు. గది తలుపులు మూసి, తెర దించి, పది మంది పెద్దలు పదేసి తీర్పులు చదువుతారు. దానికి అరకు దాకా రావడమెందుకు? నా మాట ఒక్కటే. ఒక్క ఫైలు తీసుకోండి. రెండు రోజులకీ ఒకే ఒక్క ఫైలు. పేర్లు, ఊరు తీసేసి, 14 పేజీలకు మించకుండా, 24 ప్రతులు విశాఖలోనే జిరాక్స్ తీయించి తీసుకెళ్లండి. కొండల్లో సిగ్నల్ ఎప్పుడు ఉంటుందో తెలియదు. ఫోన్లో చూసుకుందాంలే అనుకుంటే ఆ పూట పోయినట్టే.

ఆ ఫైలు ఎలా ఉండాలో ఒక ఉదాహరణ చెబుతాను. కాగితం, పెన్ను దగ్గరుంటే మీరూ రాసుకోండి. ఇది కల్పించిన లెక్కే, కానీ లేబర్ కోర్టులో రోజూ కనిపించే తరహాది.

ఒక పంపుహౌస్‌లో రోజుకూలీ ఆపరేటర్. 2024 జూలై 1 సోమవారం ఉదయం డ్యూటీకి వస్తే గేటు దగ్గర ఆపేశారు. నోటీసు లేదు, పరిహారం లేదు. చట్టం ఏమంటుంది? తీసేసిన తేదీకి ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసిన వాణ్ని తీసేయాలంటే నెల నోటీసు గానీ నోటీసు జీతం గానీ ఇవ్వాలి, సర్వీసు నిండిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం పరిహారంగా ఇవ్వాలి. భూగర్భ గనుల్లో పనిచేసేవాళ్లకు 240 బదులు 190 రోజులు. సరే, మనవాడికి 240 ఉన్నాయా?

మస్తరు చూద్దాం. 2023 జూలైలో 22 రోజులు. ఆగస్టు 21. సెప్టెంబరు 20. అక్టోబరు 19. నవంబరు 20. డిసెంబరు 21. ఇక్కడికి 123. 2024 జనవరి 18. ఫిబ్రవరి 19. మార్చి సున్నా, ఆ నెలంతా పనిలోకి పిలవలేదు. ఏప్రిల్ 17. మే 20. జూన్ 15. ఇవి 89. రెండూ కలిపితే 212.

యాజమాన్యం తరఫు కౌంటరు, అంటే కోర్టుకిచ్చే జవాబు, ఇక్కడే ఆగుతుంది: 212 రోజులే, 28 తక్కువ, కేసు కొట్టేయండి అని.

ఇప్పుడు ఈ ఫైలును నాలుగు జట్లకూ ఇచ్చి, గంటన్నర టైమిచ్చి, తోటలో నాలుగు మూలలా కూర్చోబెట్టండి. ఒక షరతు: యాజమాన్యం లాయర్లు కార్మికుడి పక్షాన లెక్క కట్టాలి, కార్మికుల లాయర్లు యాజమాన్యం పక్షాన కట్టాలి. ఇలాంటి ఫైలుకు నాలుగు రకాల జవాబులు వస్తాయి. ఆ నాలుగు జవాబుల్లోనే పాఠమంతా ఉంది.

మొదటి జవాబు 212. హాజరు పడిన రోజులు మాత్రమే లెక్కించిన వాళ్లది. వీళ్లు మస్తరు చూశారు, జీతాల రిజిస్టరు చూడలేదు.

రెండో జవాబు 260. మార్చి వదిలేసి మిగతా 11 నెలల్లో ఆదివారాలు 48 ఉన్నాయి. 212కు 48 కలిపేశారు. కార్మికుడి మీద అభిమానంతో చేసే తప్పిది, చాలా ప్రమాదకరమైన తప్పు. ఎందుకంటే ఈ పంపుహౌస్‌లో వారానికి ఆరు రోజులూ పనిచేసిన వారానికే ఆదివారం జీతం. జీతం లేని ఆదివారాన్ని పనిదినం అని రాస్తే క్రాస్‌ ఎగ్జామినేషన్‌లో అది పట్టుబడుతుంది, దాంతోపాటు నిజమైన లెక్క మీద కూడా నమ్మకం పోతుంది.

మూడో జవాబు 238. వీళ్లు జీతాల రిజిస్టరు తెరిచారు. 48 ఆదివారాల్లో 26 ఆదివారాలకు జీతం పడిందని వారం వారం చూసి తేల్చారు. జీతంతో కూడిన ఆదివారాలు, సెలవులు 240లో కలుస్తాయని అమెరికన్ ఎక్స్‌ప్రెస్ బ్యాంకు కార్మికుల కేసులో 1985లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 212కు 26 కలిపితే 238. ఇంకా రెండు రోజులు తక్కువ. ఇక్కడ చాలామంది పెన్ను కింద పెట్టేస్తారు.

నాలుగో జవాబు 241. ఈ జట్టు సెలవుల పేజీ కూడా తిప్పింది. ఆగస్టు 15 మంగళవారం, అక్టోబరు 2 సోమవారం, జనవరి 26 శుక్రవారం. మూడింటికీ రిజిస్టరులో జీతం ఉంది, మూడూ ఆదివారాలు కావు, కాబట్టి రెండుసార్లు లెక్కించినట్టు కాదు. 238కి 3 కలిపితే 241. గీత దాటింది. ఎన్ని రోజులతో? ఒక్క రోజుతో. 240 నిండితే చాలు కదా, మిగిలింది ఒక్క రోజు.

మరి మార్చి నెల సున్నా మాటేమిటి? సర్వీసు తెగిపోయింది కదా అని యాజమాన్యం అంటుంది. తెగదు. 12 నెలల్లో 240 రోజులు తేలితే చాలు, ఏడాది పొడవునా పనిలో ఉండనక్కర్లేదని సురేంద్ర కుమార్ వర్మ కేసులో 1980లో తేల్చారు. ఇంకో పొరపాటు, 12 నెలలంటే జనవరి నుంచి డిసెంబరు అనుకోవడం. కాదు. తీసేసిన తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఈ ఫైలులో 2023 జూలై 1 నుంచి 2024 జూన్ 30 దాకా. క్యాలెండరు ఏడాది పట్టుకున్నవాడికి ఫైలు పక్కదారి పడుతుంది.

మధ్యాహ్నం అసలు కష్టం మొదలవుతుంది. 241 తేలింది సరే, రుజువు చేయాల్సింది ఎవరు? కార్మికుడే. నేను 240 రోజులు చేశానని అఫిడవిట్ వేసి ఊరుకుంటే చాలదని 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో ఎల్లట్టి కేసులో ఇంకొంచెం దారి చూపారు: కార్మికుడు బోనెక్కి చెప్పాలి, తన దగ్గరున్న కాగితాలు పెట్టాలి, యాజమాన్యం దగ్గరున్న మస్తరు, జీతాల రిజిస్టరు తెప్పించమని అడగాలి. ఈ అడగడమే చాలామంది సరిగ్గా చేయరు. "రికార్డులన్నీ తెప్పించండి" అని పిటిషను వేస్తారు. అది అస్పష్టంగా ఉందని కొట్టేస్తారు. ఎలా అడగాలి? ఏ రిజిస్టరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ విభాగం రిజిస్టరు, అందులో ఏం తేలుతుంది, నాలుగు ముక్కల్లో రాయాలి. పారిశ్రామిక వివాదాల చట్టం 11(3) సెక్షన్ ఇందుకు ట్రిబ్యునల్‌కు సివిల్ కోర్టు అధికారం ఇచ్చింది. సాక్ష్యం మొదలవక ముందే వేయాలి, క్రాస్ అయిపోయాక కాదు. ఒక్కో జట్టు ఆ పిటిషను చేత్తో రాసి, పక్క జట్టుకిచ్చి తప్పులు పట్టించుకోవాలి. ఇంటికి పట్టుకెళ్లాల్సిన కాగితం అదొక్కటే.

యాజమాన్యం లాయర్లకూ ఇందులో పనుంది. రిజిస్టరు దాచమని కంపెనీ అడిగితే ఏం చెప్పాలి? తెచ్చి పెట్టమనే చెప్పాలి. పెట్టకపోతే కోర్టు ప్రతికూలంగా అనుకునే వీలుంది, పెట్టిన రిజిస్టరులో దిద్దుబాట్లుంటే మరీ చేటు. ఇంకా, రోజుకూలీలకు ఇప్పుడు తిరిగి ఉద్యోగం బదులు నష్టపరిహారం వైపు కోర్టులు మొగ్గుతున్నాయి. 2009లో జగ్‌బీర్ సింగ్, 2013లో భురుమల్ తీర్పులు ఆ దారివే. కాబట్టి లెక్క నిజాయితీగా తేల్చుకుని రాజీకి కూర్చోవడమే ఇద్దరికీ లాభం. నాకైతే ఈ రెండు పక్షాలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే మస్తరు మీద వేలు పెట్టి లెక్కించడం కన్నా మంచి దృశ్యం ఈ వృత్తిలో లేదు.

రెండో రోజు ఉదయం తోటలో గంట నడక. ఇద్దరిద్దరుగా, ఎదుటి పక్షం వాళ్లతో జత. ఆ తర్వాత కొత్త కార్మిక కోడ్‌లకు ఒక పూట చాలు. 2025 నవంబరు 21 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. పాత చట్టం ఒక వైపు, కొత్తది ఒక వైపు రెండు గళ్లు గీసి, అదే పంపుహౌస్ ఫైలును కొత్త చట్టం కింద మళ్లీ నడపండి. 240 మారలేదు. రిట్రెంచ్ అయిన, అంటే పని నుంచి తీసేసిన వారికి 15 రోజుల జీతం చొప్పున నైపుణ్య నిధి వచ్చింది. గడువు విషయం జాగ్రత్త: పాత చట్టంలో లేబర్ కోర్టుకు నేరుగా వెళ్లడానికి మూడేళ్లుండేవి, వివాదం పుట్టి రెండేళ్లు దాటితే కొత్త కోడ్ రాజీ ప్రక్రియను సాగనివ్వదు. మూడేళ్లుందిలే అనే పాత ధీమా ఇక పనికిరాదు. చీకటి పడకముందే ఘాట్ దిగాలి, అందుకని మధ్యాహ్నం రెండింటికి ముగించేయండి.

ఇక లాయర్లను వదిలేసి మీతో ఒక మాట. మీరో, మీ ఇంట్లో ఎవరో రోజుకూలీకో, కాంట్రాక్టు మీదో పనిచేస్తుంటే, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. రోజూ తేదీ, షిఫ్టు, చేసిన పని ఒక్క వరుసలో రాయండి. జీతం పడిన ఆదివారానికి, సెలవుకు పక్కన గుర్తు పెట్టండి. గేటు పాసు, ఈఎస్‌ఐ కార్డు, పీఎఫ్ పాసుబుక్కు పేజీ, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంటు నెలనెలా ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరి ఫోనుకు పంపి ఉంచండి. పనిలోకి రావద్దన్న రోజున ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు, పక్కన ఎవరున్నారు అన్నది ఆ రాత్రే రాయండి. లాయరు దగ్గరికి వెళ్లినప్పుడు ముందు ఆ పేజీ తెరిచి చూపించండి. 12 నెలలు వెనక్కి లెక్కించడం ఆ తేదీ నుంచే మొదలవుతుంది.

నమస్కారం.