గోడల్లేని ఊళ్లో ఒక ఆదివారం

తమ్ముడు: అందరికీ నమస్కారం అండి. ముందే చెప్పాం కదా, ఇవాళ సమోవా, పసిఫిక్ సముద్రంలో దీవుల దేశం. అక్క ఆక్లాండ్ నుంచి మొన్ననే వెళ్లొచ్చింది. ఎలా వెళ్లాలి, ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, వరసగా అడుగుతాను. తాడు సంగతి మాత్రం అడగను.

అక్క: మాటిచ్చావు, గుర్తుంచుకో.

తమ్ముడు: ఇచ్చాను. చెప్పు.

అక్క: ఆక్లాండ్ నుంచి అక్కడి రాజధాని ఆపియాకి విమానంలో నాలుగు గంటలు. ఆపియా ఉపోలు దీవిలో ఉంది. మా వార్డులో పనిచేసే అమ్మాయిది పక్క దీవి, సవాయీ. ములిఫనువా రేవులో ఫెర్రీ ఎక్కితే గంట, గంటన్నరలో సలెలోలోంగా. అక్కణ్ణుంచి సముద్రం పక్కనే రోడ్డు, రోడ్డు పొడుగునా ఊళ్లు. ఇళ్లకి గోడలుండవురా.

తమ్ముడు: అసలుండవా?

అక్క: ఎత్తరుగు, దాని చుట్టూ స్తంభాలు, పైన కప్పు. దాన్ని ఫలే అంటారు. వాన కొడితే కొబ్బరాకు తడికలు కిందికి దించుతారు. ఇప్పుడు రేకుల కప్పులొచ్చాయి, వెనకాల గోడల ఇల్లు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అయినా ముందు ఫలే ఉంటుంది. చాలా ఇళ్ల ముందు ఆ ఇంటి పెద్దల సమాధులు కూడా ఉంటాయి. పిల్లలు వాటి మీద కూర్చుని ఆడుకుంటుంటారు.

తమ్ముడు: స్తంభానికి దూలాన్ని దేంతో కడతారు?

అక్క: తాడు దగ్గరికి వచ్చేశాడండీ.

తమ్ముడు: చెప్పక్కా.

అక్క: పాత పద్ధతిలో కట్టినవాటికి ఒక్క మేకు ఉండదు. అంతా కొబ్బరి పీచు తాడే. అఫా అంటారు. డొక్కల్ని సముద్రపు నీళ్లలో నానబెట్టి, కొట్టి, పీచు ఆరబెట్టి, తొడ మీద అరచేత్తో పేని, ఆ పాయల్ని జడలా అల్లుతారు.

తమ్ముడు: అయితే అల్లిక తాడు! మనది రాట్నం మీద పురి పెట్టిన తాడు. కొస వదిలేస్తే పురి విడిపోతుంది. జడ అలా విడదు. మా నాన్న వింటే ఎంత సంతోషపడతారో. మా ఇంట్లో డొక్కలు కాలవలో నానేసేవాళ్లు కదా, ఆ వాసన నాకిప్పటికీ...

అక్క: నాకూ గుర్తే. అక్కడ ఒక పెద్దాయన అల్లుతుంటే పక్కనే కూర్చున్నాను. మాట్లాడుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా చేతులకేసి చూడలేదు. ఊరి సభలో కూర్చున్నప్పుడు కూడా పెద్దలు ఇలా అల్లుకుంటూనే ఉంటారట. ఆ సభని ఫోనో అంటారు. ఒక్కో పెద్ద కుటుంబం తమలో ఒకరికి పట్టం ఇస్తుంది, వాళ్లు మతాయిలు. ఎవరు ఏ స్తంభం ముందు కూర్చోవాలో ముందే ఖాయం. నేను వెళ్లి ఖాళీగా ఉన్న స్తంభానికి ఆనుకోబోయాను. మా వార్డు అమ్మాయి మెల్లగా చెయ్యి పట్టుకుని పక్కకి కూర్చోబెట్టింది.

తమ్ముడు: అంటే స్తంభమే పేరు రాసిన కుర్చీ అన్నమాట.

అక్క: అవును. ఊరి తరఫున మాట్లాడే మతాయిని తులాఫలే అంటారు. ఆయన చేతిలో కర్ర, భుజం మీద కుచ్చు. ఆ కుచ్చు దేంతో చేస్తారో చెప్పు?

తమ్ముడు: పీచా?

అక్క: కొబ్బరి పీచే!

తమ్ముడు: అక్కా, దీనికి వేరే ఎపిసోడ్ చేద్దాం.

అక్క: చేద్దాం. సాయంత్రం మాట విను. ఒక చెట్టుకి ఖాళీ గ్యాస్ సిలిండర్ వేలాడదీశారు. ఒక కుర్రాడు దాన్ని ఇనప ముక్కతో కొట్టాడు, మన బళ్లో రైలుపట్టా ముక్క మోగించినట్టు. అది 'సా', ప్రార్థన వేళ. ఊరి కుర్రాళ్లు లుంగీలు కట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు. నడిచేవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగారు. ప్రతి ఫలేలోంచీ పాట. గోడల్లేవు కదా, ఒక ఇంటి పాట పక్కింటి పాటలో కలిసిపోతోంది. నాకు ఏడుపొచ్చింది.

తమ్ముడు: ఆగనివాళ్లనేం చేస్తారు?

అక్క: ఊరివాళ్లయితే ఫోనో జరిమానా వేస్తుంది. పందులో, చేపల డబ్బాల పెట్టెలో కట్టాలి.

తమ్ముడు: పెద్ద తప్పయితే?

అక్క: ...ఊళ్లోంచి పంపేస్తారు.

తమ్ముడు: వెలి.

అక్క: నువ్విలా అంటావని తెలుసు.

తమ్ముడు: అనకుండా ఎలా ఉంటానక్కా? తాతగారింటికి రెండేళ్లు ఎవరూ నిప్పివ్వలేదు, ఉప్పివ్వలేదు. అమ్మమ్మ వేరే ఊరి బావికెళ్లి నీళ్లు తెచ్చుకుంది. ఏడుగురు పెద్దలు చెట్టు కింద కూర్చుని అన్న మాట అది. నువ్వేమో పాట అంటున్నావు.

అక్క: రెండూ నిజమే. మా అమ్మ పెళ్లి ఆగిపోయింది కూడా అప్పుడే, నాకు తెలియదా? కానీ అక్కడి భూమి సంగతి చూడు. దాదాపు 80 శాతం కుటుంబాల ఉమ్మడి భూమి, ఎవరూ అమ్ముకోలేరు. 2009 సెప్టెంబర్ 29న పొద్దున్నే సునామీ వచ్చింది. ఉపోలు దక్షిణ తీరంలో లలోమాను, సలెయాపంగా ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. దేశం మొత్తమ్మీద 140 మందికి పైగా పోయారు. బతికినవాళ్లలో చాలామంది పైన కొండ వైపు తమ కుటుంబం తోటల్లోకి వెళ్లి ఇళ్లేసుకున్నారు. వెళ్లడానికి చోటుంది. మన తీరంలో సముద్రం ఇల్లు మింగితే ఎక్కడికెళ్తాం?

తమ్ముడు: మరి వెలేసినవాడికి ఆ తోట ఉంటుందా?

అక్క: ఆ ఊళ్లో ఉండకూడదన్నాక దక్కడం కష్టమే.

తమ్ముడు: నేననేదీ అదే. అందరికీ చోటిచ్చే చెయ్యే ఒకణ్ణి గెంటేస్తుంది కూడా.

అక్క: ఒప్పుకుంటాను. ఆ ఫోనో అధికారానికి 1990లో చట్టమే చేశారు. అదే ఏడు ఇంకోటీ జరిగింది. అంతవరకూ దాదాపు అన్ని స్థానాలకీ మతాయిలే ఓటేసేవాళ్లు. అప్పుడు 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటొచ్చింది. పోటీ చెయ్యాలంటే మాత్రం ఇప్పటికీ మతాయి పట్టం ఉండాలి. ఆడవాళ్లకి పట్టం ఇవ్వని ఊళ్లున్నాయి. అయినా 2021లో ఫియామె నవోమీ మతాఅఫా ప్రధాని అయ్యింది. ఆడమనిషి ప్రధాని కావడం అక్కడ అదే మొదలు.

తమ్ముడు: భోజనం ఎలా పెట్టారు? మాట మార్చడానికి కాదు.

అక్క: మార్చు, పర్వాలేదు. ఆదివారం తెల్లారకముందే రాళ్లు కాల్చారు. చేమదుంప, సీమపనస, చేమాకులో కొబ్బరిపాలు పోసి కట్టిన పొట్లాలు ఆ రాళ్ల మీద పేర్చి, అరిటాకులు కప్పారు. చర్చి నుంచి తెల్లబట్టలతో వచ్చేసరికి ఉడికిపోయాయి. నేను తింటున్నంతసేపూ పదేళ్ల పిల్ల ఎదురుగా కూర్చుని ఈగలు వాలకుండా విసనకర్రతో విసిరింది. నాకు ముద్ద దిగలేదు. నువ్వూ తినమ్మా అంటే నవ్వింది. అతిథులయ్యాక పెద్దవాళ్లు, ఆఖర్న పిల్లలు.

తమ్ముడు: అమ్మమ్మా ఆఖర్నే తినేది.

అక్క: ఊఁ.

తమ్ముడు: వినేవాళ్లు ఖర్చుల కోసం చూస్తున్నారక్కా.

అక్క: బీచ్ పక్కన అద్దెకి ఫలేలుంటాయి, పరుపూ దోమతెరా ఇస్తారు. తీరం ఊరివాళ్లది, దిగే ముందు అడిగి రుసుము కట్టండి. ఆదివారం ఈత కొట్టొద్దు. కూర్చున్నవాళ్ల ముందునుంచి వెళ్లాల్సొస్తే వంగి 'తులోఉ' అనండి. మిగతాది...

తమ్ముడు: ఆ పెద్దాయన తాడు ఏమైనా ఇచ్చాడా?

అక్క: రెండు మూరలు ఇచ్చాడు. నీ పేరు చెప్పి అడిగాను.

తమ్ముడు: నిజంగానా? కట్ చెయ్యకు. మడత కూడా పెట్టకు. చుట్ట చుట్టి...

అక్క: చుట్టే ఉంచాన్రా. పార్సిల్ పంపుతాను.

తమ్ముడు: వద్దు, నువ్వే తీసుకురా. నాన్నకి నీ చేత్తో ఇద్దువుగాని. అక్కా, నీ గొంతు తెగుతోంది. వినబడుతోందా? అక్కా?