ఇస్నోఫిల్స్ తగ్గించడం ఆపండి, పిల్లల ఆస్తమాకి వైద్యం చేయించండి!

నమస్తే అండీ. ఇవాళ ఒక్క మాట చెప్పడానికే ఈ వీడియో, ఎవరికి కోపం వచ్చినా సరే. ఇస్నోఫీలియా అనేది మీ పిల్లాడి జబ్బు పేరు కాదు. రక్తంలో ఇస్నోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరిగాయని ల్యాబ్ చెప్పిన సంగతి, అంతే. అర్ధరాత్రి లేచి కూర్చుని దగ్గే పాప, గ్రౌండులో రెండు రౌండ్లు పరిగెత్తగానే ఛాతీ పట్టుకుని ఆగిపోయే బాబు, ముసురు పట్టగానే పిల్లికూతలు మొదలయ్యే పిల్లలు, వీళ్లలో చాలామందికి ఉన్నది ఆస్తమా. ఉబ్బసం. ఆ మాట అనడానికి ఇంట్లో అందరికీ భయం, రేపు పెళ్లి సంబంధాల దగ్గర ఇబ్బంది అని ఆరేళ్ల ఆడపిల్ల విషయంలో కూడా అమ్మమ్మలు అంటారు, అందుకే ఇస్నోఫీలియా అని రాయించుకుని నెలకో సిరప్ మారుస్తూ ఏళ్లకి ఏళ్లు గడిపేస్తున్నాం.

ఇస్నోఫిల్స్ తగ్గిస్తామనే వీడియోలు మీరూ చూసే ఉంటారు. కషాయం తాగించాం, పదిహేను రోజుల్లో ఇస్నోఫిల్స్ పద్నాలుగు శాతం నుంచి రెండుకి దిగాయి, ఇదిగో రెండు రిపోర్టులు అంటారు. కింద కామెంట్లలో వందలమంది అడ్రస్ అడుగుతుంటారు. నేను అడిగేది ఒకటే. ఆ రెండు రిపోర్టుల మధ్య ఆ పిల్లాడు ఇంకేం మింగాడు? ఆయాసం బాగా ఎక్కువై ఆసుపత్రికి వెళ్తే చాలాసార్లు ప్రెడ్నిసోలోన్ సిరప్ మూడు నుంచి ఐదు రోజులు రాస్తారు. అది స్టెరాయిడ్. గట్టి అటాక్‌లో ఇవ్వాల్సిందే, నాకు దానితో పేచీ లేదు. కానీ ఆ మందు కడుపులో పడిన కొన్ని గంటల్లోనే రక్తంలో ఇస్నోఫిల్స్ ధబీమని పడిపోతాయి, ఒక్కోసారి రిపోర్టులో సున్నా కూడా వస్తుంది. అటాక్‌కి ముందు ఒక టెస్టు, స్టెరాయిడ్ మీద ఉండగా ఒక టెస్టు, మధ్యలో కషాయం. ఇంకేముంది, పేరంతా కషాయానికే! స్టెరాయిడ్ ఆపాక అంకె మళ్లీ పైకి లేస్తుంది, ఆ మూడో రిపోర్టు మాత్రం ఎవరూ వీడియోలో పెట్టరు. అసలు ఏ మందూ లేకపోయినా ఈ అంకె ఒక్కచోట ఉండదండీ. పొద్దున మన ఒంట్లో కార్టిసాల్, అంటే ఒళ్లే తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్, ఎక్కువగా ఉంటుంది కాబట్టి అప్పుడు ఇస్నోఫిల్స్ తక్కువ, రాత్రికి పెరుగుతాయి. ఒకసారి సాయంత్రం, ఇంకోసారి పొద్దున్నే రక్తం ఇచ్చి తగ్గిందోచ్ అనుకుంటే ఎలా?

ఒక తల్లి పంపిన ఫైలు నా ముందుంది, పేరు చెప్పను. ఆరేళ్ల పాప. తెల్లకణాలు మొత్తం 9,200. ఇస్నోఫిల్స్ 9 శాతం. ఇప్పుడు 9,200ని 9తో గుణించి 100తో భాగించండి, 828 వస్తుంది. దీన్నే ఏఈసీ అంటారు, శాతం కాకుండా ఇస్నోఫిల్స్ అసలు లెక్క అన్నమాట. మన ల్యాబులు పై హద్దు 440 అనో 500 అనో వేస్తాయి, కాబట్టి ఈ పాపకి పెరిగినట్టే. అదే ఇంకో పిల్లాడికి తెల్లకణాలు 4,000 ఉండి ఇదే 9 శాతం ఉంటే? 360. హద్దులోపలే! శాతం చూసి టెన్షన్ పడే ముందు గుణించుకోండి దయచేసి.

ఆ ఫైల్లో మిగతా కాగితాలు తిప్పుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. నులిపురుగుల మాత్రలు, యాంటీబయాటిక్ కోర్సులు, ఒక ఫుడ్ అలర్జీ ప్యానెల్. ఆ ప్యానెల్లో దేనికో చిన్న పాజిటివ్ వచ్చిందని పాపకి అరటిపండు, పెరుగు, గుడ్డు, వేరుశనగ అన్నీ మాన్పించేశారు. తింటే ఏమీ కాని పిల్లకి కూడా అలాంటి టెస్టులో పాజిటివ్ రావచ్చు. ఎదిగే పిల్ల నోటి దగ్గర గుడ్డు లాగేశారు, రాత్రి దగ్గు మాత్రం అలాగే ఉంది. ఫైలంతా వెతికినా ఆస్తమాకి ఇచ్చే పీల్చే మందు, అదే ఇన్‌హేలర్, ఒక్క చీటీలో లేదు. ఆ పాపకి ఆస్తమా అవునో కాదో తేల్చాల్సింది నేను కాదు, పిల్లల డాక్టరు ఛాతీ విని, ఇంట్లో ఎవరికి ఉందో అడిగి తేల్చాలి. కానీ అన్నేళ్లు ఆ ప్రశ్న అడిగినవాళ్లే లేరు!

మరి ఇస్నోఫిల్స్ అంకె చూసి మందిచ్చే ఈ అలవాటు మనకి ఎక్కడి నుంచి వచ్చింది? నాకో థియరీ ఉంది. 1940లో మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానటోరియంలో ఫ్రిమోట్ మోలర్, బార్టన్ అనే డాక్టర్లు ఒక వింత జబ్బు గురించి రాశారు. ఎక్స్‌రే చూస్తే టీబీలా ఉంటుంది, టీబీ క్రిమి దొరకదు, రక్తంలో ఇస్నోఫిల్స్ మాత్రం విపరీతం. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇస్నోఫీలియా అని పేరు పెట్టాడు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు మీద ఒళ్లు చేసే యుద్ధం అది అని తర్వాత తేలింది, హెట్రజాన్ మాత్రతో తగ్గింది. ఆ జబ్బు నిజం, ఆ మందు పని చేయడం కూడా నిజం. కోస్తాలో బోదకాలు విపరీతంగా ఉన్న రోజుల్లో దగ్గుతో వచ్చిన మనిషికి ఇస్నోఫిల్స్ చూసి హెట్రజాన్ ఇవ్వడం తెలివైన పనే. కానీ ఆ జబ్బులో ఏఈసీ మామూలుగా 3,000 దాటుతుంది. 600, 800 ఉండి, పిల్లికూతలు వచ్చి పోయే పిల్లాడికి కూడా అదే అలవాటు కొనసాగింది చూశారా, అక్కడే మనం దారి తప్పాం అని నా గట్టి నమ్మకం. పేరు మిగిలింది, రోగం మారింది. నులిపురుగుల వల్ల కూడా ఈ కణాలు పెరుగుతాయి, అందుకే మలం పరీక్ష చేయించండి, బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ వేయించండి. పురుగులు పోయాక కూడా పిల్లికూతలు ఆగకపోతే మళ్లీ పురుగుల మందే ఎందుకండీ?

ఇస్నోఫిల్ రక్తంలో కాపురం ఉండదు. ఎముక మజ్జలో పుట్టి, కొన్ని గంటలు రక్తంలో తిరిగి, పిలుపు వచ్చినచోటికి దూరిపోతుంది. అలర్జీ ఆస్తమా పిల్లల్లో ఆ పిలుపు వచ్చేది ఊపిరి గొట్టాల నుంచి. అక్కడ చేరి విషం లాంటి ప్రొటీన్లు వదిలి గొట్టం లోపలి పొరని దెబ్బతీస్తుంది, పొర వాస్తుంది, జిగురు పట్టేస్తుంది, దారి ఇరుకవుతుంది. అలాంటప్పుడు రక్తంలో అంకె తగ్గించాలని చూడటం అంటే జ్వరం తగ్గాలని థర్మామీటర్‌ని చల్లనీళ్లలో ముంచడమే.

ఆ అంకె పనికిరాదని నేను అనట్లేదు, వినండి. రెండు మూడు వందల రూపాయల రక్త పరీక్షలో దొరికే అంత విలువైన సమాచారం ఇంకోటి లేదు! అమెరికాలో ఐదేళ్లలోపు పిల్లలు 300 మందితో చేసిన ఇన్ఫాంట్ ట్రయల్ 2016లో వచ్చింది. ప్రతి పిల్లాడికీ మూడు రకాల వైద్యం, ఒక్కోటి 16 వారాలు, మార్చి మార్చి ఇచ్చారు. రోజూ పీల్చే స్టెరాయిడ్, రోజూ నోటితో తీసుకునే మాంటెలుకాస్ట్ అనే మందు, అవసరమైనప్పుడు మాత్రమే పీల్చే స్టెరాయిడ్. ఇస్నోఫిల్స్ 300 లేదా అంతకంటే ఎక్కువ ఉండి, దుమ్ము, జంతువుల బొచ్చు లాంటి వాటికి అలర్జీ తేలిన పిల్లల్లో రోజూ పీల్చే స్టెరాయిడ్ మిగతా రెండిటినీ స్పష్టంగా దాటేసింది. అంటే ఆ అంకె ఇన్‌హేలర్ వైపు వేలు చూపిస్తోంది, మనమేమో అదే అంకె పట్టుకుని సిరప్ షాపుకి పోతున్నాం.

ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, ఎత్తు పెరగరు అంటారు. అలవాటు మాట అబద్ధం. ఎత్తు మాట నిజమే, దాచను. రోజూ బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ పీల్చిన పిల్లల్ని పెద్దయ్యేదాకా చూసిన అమెరికా అధ్యయనంలో సగటున 1.2 సెంటీమీటర్ల తేడా వచ్చింది. మరి నెలనెలా నోటితో తాగించే స్టెరాయిడ్ సిరప్ సంగతేంటి? అది ఒళ్లంతా తిరుగుతుంది! మీరు నిశ్చింతగా ఇచ్చే మాంటెలుకాస్ట్ మీద మనస్తత్వం, నిద్ర, ఆత్మహత్య ఆలోచనల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో అన్నిటికంటే గట్టి హెచ్చరిక వేసింది. ఎంతమందికి చెప్పారు?

ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే సీఆర్పీ అనే రక్త పరీక్ష గురించి కూడా ఒక్క ముక్క. అది కొంచెం పెరిగిందని ప్రతి ఆయాసానికీ యాంటీబయాటిక్ మొదలెడతారు. పిల్లల్లో ఆస్తమా అటాక్‌ని ఎక్కువగా రేపేది జలుబు వైరస్సే. వైరస్ మీద యాంటీబయాటిక్ ఏం చేస్తుంది?

ఇస్నోఫిల్స్‌ని నేరుగా కొట్టే ఇంజెక్షన్ ఉందిగా అని అడుగుతున్నారు. ఉంది, మెపోలిజుమాబ్. తీవ్రమైన ఆస్తమాకి. 2022లో లాన్సెట్‌లో వచ్చిన మప్పిట్స్-2 ట్రయల్లో ఇస్నోఫిల్స్ 150 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న నగర పిల్లలకి మామూలు వైద్యం పైన ఇది కూడా ఇస్తే అటాక్‌లు 27 శాతం తగ్గాయి, అంతే! ఊపిరి సామర్థ్యం మాత్రం పెరగలేదు. రక్తంలోంచి ఆ కణాల్ని దాదాపు ఊడ్చేసే మందుతోనే ఇంత వచ్చిందంటే, అంకె తగ్గితే ఆస్తమా పోతుందని చెప్పేవాళ్లని ఏమనాలి?

కామెంట్లో రాయండి, ఏఈసీ ఎంత, రక్తం ఏ పూట ఇచ్చారు, దానికి ముందు వారాల్లో స్టెరాయిడ్ సిరప్ వాడారా, ఇన్‌హేలర్ ఎవరైనా రాశారా. పిల్లల పేర్లు, రిపోర్టు ఫొటోలు పెట్టకండి. అంకె మామూలుగా ఉన్నా పిల్లికూతలు వస్తుంటే ఆస్తమా లేదని అనుకోకండి, ఐదారేళ్లు దాటిన పిల్లలకి స్పైరోమెట్రీ, అంటే గట్టిగా ఊదించి ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష, చేయించమని డాక్టర్‌ని అడగండి. వాడుతున్న మందు ఏదీ నా మాట విని ఆపేయకండి. ఇప్పుడు మీ పిల్లాడు ఒక్క వాక్యం పూర్తిగా చెప్పలేక ఆగుతున్నా, ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల మధ్య చర్మం గుంటపడుతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా ఈ వీడియో ఆపేసి వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి.