మోకాలికి సూది వేయించుకునే ముందు

పెద్దలకు, అమ్మలకు, అక్కలకు నమస్కారం.

కీళ్ళ నొప్పులకు వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల గురించి మాట్లాడమన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు దీని మీద రెండు మాటలు అంటుంటారు. "స్టెరాయిడా? వద్దు సార్, కిడ్నీలు పోతాయట" అనేది ఒకటి. "పోయినసారి వేసిన సూదే ఇంకోటి వేసెయ్యండి, నాట్లు మొదలయ్యాయి" అనేది రెండోది. చిత్రమేమిటంటే, మోకాలికి వద్దని దండం పెట్టినవాళ్ళే ఒళ్ళు నొప్పులని నెలనెలా ఆర్‌ఎంపీ దగ్గర తుంటికి సూది వేయించుకుని వస్తుంటారు. అందులో ఉన్నదీ చాలాసార్లు స్టెరాయిడే. ఏ మందో చెప్పరు, వీళ్ళూ అడగరు.

ఈ మందు వాడకం మొదలైందే కీళ్ళవాతంతో. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్, కీళ్ళవాతంతో కదల్లేకుండా ఉన్న ఒక యువతికి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్‌కీ, మరో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. కానీ ఒళ్ళంతా పాకే మందు కాబట్టి ముఖం ఉబ్బడం, ఎముకలు గుల్లబారడం లాంటి బాధలూ త్వరలోనే బయటపడ్డాయి. నొప్పి ఉన్న కీలులోకే నేరుగా ఎక్కిస్తే పోదా అన్న ఆలోచనతో 1951 నాటికి ఫిలడెల్ఫియాలో హాలండర్ అనే డాక్టరు ఆ పని చేసి చూపించారు. ఈ రోజు మేం చేస్తున్నది అదే.

మోకాలికి ఎలా వేస్తామో చెబుతాను, సగం భయం పోతుంది. పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెడతాం. చర్మాన్ని బెటాడిన్‌తో శుభ్రం చేసి, చిప్ప పక్క నుంచి సూది లోపలికి పంపుతాం. కీలులో నీరు చేరి ఉంటే ముందు దాన్ని లాగుతాం. ఆ నీరు పసుపుగా, తేటగా వస్తే సరే. మబ్బుగా, చీములా వస్తే అక్కడితో ఆపేస్తాం. దాన్ని ల్యాబ్‌కు పంపాలి తప్ప, ఇన్‌ఫెక్షన్ ఉన్న కీలులో స్టెరాయిడ్ వేయకూడదు. అంతా బాగుంటే ట్రయామ్సినలోన్ గానీ మిథైల్ ప్రెడ్నిసలోన్ గానీ, రెండూ స్టెరాయిడ్లే, సాధారణంగా 40 మిల్లీగ్రాములు ఎక్కిస్తాం. పాలరంగులో ఉంటుంది, సీసా బాగా ఊపి తీయాలి. దాంట్లో తిమ్మిరి మందు కలుపుతాం కాబట్టి బల్ల దిగేటప్పుడే హాయిగా ఉంటుంది. ఆ హాయి సాయంత్రానికి పోతుంది, కొందరికి ఆ రాత్రి నొప్పి పెరుగుతుంది కూడా. కంగారు పడొద్దు. స్టెరాయిడ్ పని రెండు మూడు రోజులకు మొదలవుతుంది. వాపును తగ్గిస్తుంది, అంతే. అరిగిన గుజ్జును మళ్ళీ పెంచదు.

అమెరికాలో 140 మంది మీద రెండేళ్ళు చేసిన ఒక అధ్యయనం 2017లో వచ్చింది. మోకీలు అరిగినవాళ్ళలో కొందరికి ప్రతి 12 వారాలకూ ట్రయామ్సినలోన్, మిగతావాళ్ళకు ఉప్పునీళ్ళు ఎక్కించారు. రెండేళ్ళ తర్వాత చూస్తే నొప్పిలో పెద్ద తేడా లేదు. గుజ్జు మాత్రం స్టెరాయిడ్ వేసినవాళ్ళకే ఎక్కువ పలచబడింది. అందుకే అలవాటుగా మూణ్ణెల్లకోసారి వేయమంటే నేను ఒప్పుకోను. ఒకసారి వేసి, నొప్పి తగ్గిన ఆ నాలుగైదు వారాల్లో తొడ కండరాలకు వ్యాయామం చేయిస్తాను. నొప్పితో చేయలేనిది అప్పుడు చేయగలుగుతారు. సూది వేయించుకుని వ్యాయామం మానేస్తే డబ్బు దండగ.

అన్ని చోట్లా ఒకేలా పనిచేయదు. భుజం పట్టేసి, జడ వేసుకోవడానికి చెయ్యి లేవనివాళ్ళకు మొదటి నెలల్లో వేస్తే బాగా పనిచేస్తుంది. వేలు వంచితే ఇరుక్కుపోయి టక్కుమని విడేవాళ్ళకూ అంతే. మోచేతి బయటవైపు నొప్పికి మాత్రం నేను వేయను. ఆరు వారాలు బ్రహ్మాండంగా ఉంటుంది, ఏడాది తిరిగేసరికి సూది వేయించుకోనివాళ్ళే నయంగా ఉంటారని పరీక్షల్లో తేలింది. మడమ వెనక ఉండే లావు నరం, నిజానికి అది నరం కాదు, స్నాయువు, దాంట్లోకి వేస్తే తెగే ప్రమాదం ఉంది.

షుగరు ఉన్నవాళ్ళు ముందే చెప్పండి. కొన్ని రోజులు, కొందరికి వారం దాకా షుగరు పెరుగుతుంది, ఇంట్లో రోజూ చూసుకోవాలి. సూది పడిన చోట చర్మం తెల్లబడటం, చిన్న గుంట పడటం కూడా ఉంటాయి. ఇక కిడ్నీల భయం సంగతి. వాటిని దెబ్బతీసేవి ఎక్కువగా మందుల షాపులో అడిగి తెచ్చుకుని రోజూ మింగే నొప్పి బిళ్ళలు. ఆ భయం వాటి మీద పెట్టుకోండి.

తుంటి సూది దగ్గరికి వస్తాను. డెక్సామెథాసోన్ లాంటి స్టెరాయిడ్‌ను డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతో పాటు కండకు ఇస్తే ఒళ్ళంతా తేలికవుతుంది, ఆకలి వేస్తుంది, డాక్టరు చెయ్యి మంచిదని పేరొస్తుంది. కానీ కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు మనకు కావలసిన స్టెరాయిడ్‌ను రోజూ తయారుచేస్తుంటాయి. బయటినుంచి అదేపనిగా వస్తుంటే అవి పని తగ్గిస్తాయి. ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం. ప్రాణం మీదకు కూడా వస్తుంది. తుంటి కీలులో ఉండే తొడ ఎముక తలకు రక్తం అందక అది కుంగిపోయి, నలభై దాటకుండానే కీలు మార్పిడికి వచ్చేవాళ్ళున్నారు. పేరులేని పొట్లాల్లో అమ్మే వాతం పొడుల్లోనూ స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి. ఎంతోకాలంగా ఇవి వాడుతున్నవాళ్ళెవరైనా ఇక్కడుంటే, నా మాట విని రేపే మానేయకండి. రక్తపరీక్ష చేసి, మెల్లగా తగ్గించాలి.

ఏ సూది వేయించుకున్నా మందు పేరు, మోతాదు, తేదీ చీటీ మీద రాయించుకోండి. మోకీలు మార్పిడికి సిద్ధమవుతున్నవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. సూదికీ ఆపరేషన్‌కూ మధ్య కనీసం మూడు నెలలుండాలి, లేకపోతే ఇన్‌ఫెక్షన్ ప్రమాదం పెరుగుతుంది. సూది తర్వాత జ్వరం వచ్చినా, కీలు ఎర్రబడి వేడెక్కినా, నొప్పి రోజురోజుకూ పెరుగుతున్నా తెల్లారేదాకా ఆగకండి, ఆ పూటే ఆస్పత్రికి రండి.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి. పాత చీటీలు తెచ్చుకున్నవాళ్ళు ముందు వరసలోకి రండి, అవి చూసి మాట్లాడతాను.