కణం తన ఆస్తిని పంచే తీరు
(శ్రీకాకుళంలో ఉన్నత పాఠశాల విద్యార్థుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

ఉపాధ్యాయులకు నమస్కారం. విద్యార్థులారా, సమవిభజన, అంటే ఒక కణం ఒకేలాంటి రెండు కణాలుగా చీలడం, అనగానే నాలుగు దశల పేర్లను గడగడా అప్పజెప్పడం మనకు అలవాటు. ఆ పేర్లు పరీక్షకు అవసరమే, కాదనను. అయితే ఒక ప్రశ్న పట్టుకుని వెళ్తే ఆ దశలన్నీ వాటంతటవే అర్థమవుతాయి. ఉల్లి కణంలో 16, వరి కణంలో 24, మన శరీర కణంలో 46 క్రోమోజోములు, అంటే డీఎన్ఏను మోసే పోగులు, ఉంటాయి. కణం రెండుగా చీలిన ప్రతిసారీ పిల్లకణాలు రెండింటికీ అదే లెక్క, ఒక్కటైనా తేడా రాకుండా ఎలా అందుతుంది?

ఉన్నదాన్ని చెరి సగం పంచితే లెక్క తగ్గాలి కదా. తగ్గకపోవడానికి కారణం, పంపకం మొదలుకాక ముందే అంతర్దశలో, అంటే రెండు విభజనల నడిమి కాలంలో, కణం తన డీఎన్ఏ మొత్తానికీ నకలు తీసి పెట్టుకోవడం. ప్రయోగశాలలో పెంచే మానవ కణానికి ఒక చక్రం, అంటే ఒక విభజన నుంచి మరో విభజన వరకూ, పూర్తికావడానికి సుమారు 24 గంటలు పడితే, అందులో సమవిభజన దాదాపు ఒక గంట మాత్రమే. మిగిలిన కాలమంతా పెరుగుదలకూ, ఈ నకలు పనికీ, ఏర్పాట్లకూ సరిపోతుంది. మన పాఠాల్లో అంతర్దశను రెండు వాక్యాల్లో ముగించేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోస్తుంది.

దీన్ని మీరు కళ్ళారా చూడవచ్చు. ఉల్లిపాయ అడుగుభాగం నీటికి తగిలేలా గ్లాసు మీద నిలిపితే కొద్ది రోజుల్లో తెల్లని వేర్లు దిగుతాయి. వాటి కొనలను కోసి, ఎసిటిక్ ఆమ్లం ఒక పాలు, ఆల్కహాలు మూడు పాళ్ళు కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచి, ఉపాధ్యాయుల పర్యవేక్షణలో సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో మెత్తబరచి, ఎసిటోకార్మిన్ రంగు పట్టించి, కవర్‌స్లిప్ కప్పి బొటనవేలితో నిలువుగా నొక్కాలి. వేలు పక్కకు జారిందా, కణాలన్నీ నలిగిపోతాయి. సూక్ష్మదర్శినిలో ఎక్కువ కణాలు గుండ్రని కేంద్రకంతో అంతర్దశలోనే కనబడతాయి. ఓపికగా వెతికితే అక్కడక్కడా ఎర్రటి పోగుల్లా క్రోమోజోములు దొరుకుతాయి.

అలా పోగులు కనబడటమే ప్రథమ దశ. మానవ కణంలోని డీఎన్ఏను సాగదీస్తే సుమారు రెండు మీటర్లుంటుంది; అంత పొడవును చిక్కుపడకుండా పంచాలంటే ముందు గట్టిగా చుట్టి పొట్టిచేయక తప్పదు. ఒక్కో క్రోమోజోములో నకలు తీయడం వల్ల వచ్చిన ఒకేలాంటి రెండు ప్రతులు, అంటే క్రొమాటిడ్‌లు, సెంట్రోమియర్ అనే చోట అతుక్కుని ఉంటాయి. కేంద్రక త్వచం కరిగిపోతుంది. పొందూరు నేత ఇళ్ళలో నూలు చుట్టిన కండెలా, నడుమ లావుగా, రెండు కొసలా సన్నగా ఉండే తంతువుల నిర్మాణం తయారవుతుంది.

తరువాత వచ్చే మధ్యస్థ దశ ఈ కథకు ఆయువుపట్టు. క్రోమోజోములన్నీ కణం నడిమి తలంలోకి చేరతాయి. ప్రతి జంటలో ఒక క్రొమాటిడ్‌కు కణం ఒక ధ్రువం (కొస) నుంచీ, రెండో దానికి ఎదుటి ధ్రువం నుంచీ తంతువులు తగులుకోవాలి. ఒక్క క్రోమోజోముకు సరిగా తగులుకోకపోయినా ఆరోగ్యవంతమైన కణం మిగతావన్నిటినీ ఆపి ఉంచుతుంది. అన్నీ కుదిరాకే క్రొమాటిడ్‌లను పట్టి ఉంచిన ప్రోటీన్ తెగుతుంది, చలన దశలో అవి చెరొక వైపుకు కదిలిపోతాయి. నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

అంత్య దశలో చెప్పుకోవలసినది తక్కువ: రెండు కేంద్రకాలు తిరిగి ఏర్పడతాయి. ఆపై కణద్రవ్యం చీలుతుంది; జంతుకణం వెలుపలి నుంచి లోపలికి నొక్కుకుపోతే, గట్టి గోడ ఉన్న వృక్షకణంలో కణఫలకం అనే అడ్డుపొర మధ్యలో పుట్టి అంచులకు పెరుగుతుంది. ఈ క్రోమోజోముల కదలికలను సాలమాండర్ అనే ఉభయచర జీవి డింభకాల (పిల్లదశ జీవుల) కణాల్లో శ్రద్ధగా గమనించి, 1882లో గ్రంథంగా వెలువరించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు వాల్తేర్ ఫ్లెమింగ్.

కేన్సర్ కణాలు విభజన మీద అదుపు కోల్పోయినవి. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసే విన్‌క్రిస్టిన్ అనే మందు కండె తంతువులను ఏర్పడనివ్వదు, దాంతో కణం మధ్యస్థ దశ దగ్గరే ఆగిపోతుంది. (ఆ మొక్క విషపూరితం, ఆకు నమిలి చూడకండి.) అయితే వేగంగా చీలే మంచి కణాలకూ ఇదే గతి పడుతుంది. ఈ చికిత్స పొందేవారికి జుట్టు రాలడానికి ఒక కారణం, వెంట్రుకల కుదుళ్ళలోని కణాలు కూడా నిరంతరం విభజన చెందేవే కావడం.