షేక్‌స్పియర్ పెరట్లోని కంబళి చెట్టు ఎక్కడికి పోయింది?

(తెర మీద: ముదురు తేనె రంగు చెక్కపెట్టె. కెమెరా మెల్లగా మూత దగ్గరికి వెళ్తుంది.)

నమస్కారం. ఈ మూత మీద చెక్కిన ఆకుల్ని, వాటి మధ్య గుత్తుగా ఉన్న పండ్లను చూడండి. అవి మల్బరీలు. మనవైపు కంబళి పండ్లు అంటాం. పెట్టె చెక్క కూడా మల్బరీదే. ఇలాంటి కొన్ని పెట్టెల మీద ‘షేక్‌స్పియర్ చెక్క’ అనే ముద్ర కనిపిస్తుంది. ఆ ముద్ర వెనక ఒక చెట్టు ఉంది, ఆ చెట్టును కొట్టేసిన మనిషి ఉన్నాడు, దాని గురించి ప్రమాణం చేసిన ఇంకో మనిషి కూడా ఉన్నాడు.

(తెర మీద: స్ట్రాట్‌ఫర్డ్ పటం, ఏవన్ నది.)

షేక్‌స్పియర్ 1597లో తన సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్‌లో న్యూ ప్లేస్ అనే పెద్ద ఇల్లు కొన్నాడు. 1616లో చనిపోయాడు. ఆ పెరట్లోని మల్బరీ చెట్టును ఆయనే తన చేత్తో నాటాడని ఊళ్లో తరతరాలుగా చెప్పుకునేవారు. కాగితం మీద దీనికి ఆధారం లేదు. కానీ కాలం సరిపోతుంది. 1609 ప్రాంతంలో ఇంగ్లండ్ రాజు మొదటి జేమ్స్ పట్టు పరిశ్రమ కోసం దేశమంతా మల్బరీ మొక్కలు నాటించాడు. అయితే అక్కడ ఎక్కువగా నాటింది నల్ల మల్బరీ. పట్టుపురుగులు ఇష్టంగా తినేది తెల్ల మల్బరీ ఆకు. మన హిందూపురం, మదనపల్లె రైతులకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

షేక్‌స్పియర్ కొన్న నూట యాభై ఏళ్లు దాటాక ఆ ఇల్లు ఫ్రాన్సిస్ గాస్ట్రెల్ అనే మతగురువు చేతికొచ్చింది. చెట్టు చూస్తామంటూ రోజూ ఎవరో ఒకరు తలుపు తట్టేవారు. ఆయనకు విసుగొచ్చింది. 1750ల్లో చెట్టు కొట్టించేశాడు. ఊరు భగ్గుమంది. 1759లో పన్నుల గొడవలో పడి ఇంటినే పడగొట్టించాడు. ఇవాళ న్యూ ప్లేస్‌కి వెళ్తే ఇల్లు ఉండదు, తోట మాత్రమే ఉంటుంది. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

(తెర మీద: దుంగలు, గడియారం చక్రాలు, ఉలి.)

కొట్టిన చెట్టు కట్టెల కిందికి పోవాల్సింది. థామస్ షార్ప్ అనే గడియారాల పనివాడు అందులో చాలా భాగం కొనేశాడు. టీ ఆకు దాచే పెట్టెలు, ముక్కుపొడి డబ్బీలు, గిన్నెలు, పైపులో పొగాకు అదిమే పుల్లలు, పళ్లు కుట్టుకునే పుల్లల డబ్బాలు... ఆ చెక్కతో రకరకాల వస్తువులు తయారయ్యాయి. మల్బరీ చేవ కోసినప్పుడు పచ్చగా ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ గోధుమ రంగుకి తిరుగుతుంది. పాతబడ్డ పెట్టెలకు ఆ నిగారింపు అలా వచ్చిందే.

నాకు వీటన్నిటిలోకీ ఇష్టమైన పెట్టె ఒకటుంది. 1769లో స్ట్రాట్‌ఫర్డ్ ఊరు డేవిడ్ గారిక్ అనే గొప్ప నటుడికి గౌరవ పౌరసత్వం ఇచ్చింది. ఆ పత్రాన్ని మల్బరీ పెట్టెలో పెట్టి ఇచ్చారు. చెక్కినవాడు బర్మింగ్‌హామ్‌కు చెందిన థామస్ డేవిస్. ఖర్చు 55 పౌండ్లు. పెట్టెకు ఒకవైపు షేక్‌స్పియర్ నాటకంలోని లియర్ రాజు వేషంలో, తుఫానులో నిలబడ్డ గారిక్ బొమ్మ ఉంటుంది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులోనే గారిక్ స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ ఉత్సవం జరిపాడు. కుండపోత వానకు ఏవన్ పొంగి ఉత్సవం చెదిరిపోయింది. అయినా షేక్‌స్పియర్ ఊరికి ప్రయాణాలు పెరిగాయి, చెక్కకు గిరాకీ కూడా పెరిగింది.

అక్కడే అనుమానం మొదలైంది. ఒక్క చెట్టుకు ఇంత చెక్కా? 1815లో ఆ ఊరికి వెళ్లిన అమెరికన్ రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్, ఏసును సిలువ వేసిన కొయ్యవని ఊరూరా చూపించే ముక్కల్లాగే ఈ చెక్క కూడా తనంతట తానే పెరుగుతున్నట్టుందని రాశాడు.

(తెర మీద: పాత కాగితం, ఈక కలం.)

కానీ అంతకు ముందే, 1799లో, చావుకు దగ్గరపడ్డ షార్ప్ ఒక ప్రమాణ పత్రం రాయించాడు. నాలుగు సువార్తల మీద ఒట్టు వేసి, ఆ చెట్టు చెక్క తప్ప వేరే చెక్కను ఆ పేరుతో ఎన్నడూ అమ్మలేదన్నాడు. నేను ఆ ముసలాయన మాట నమ్మాలనే అనుకుంటాను. దైవభయం ఉన్న కాలంలో, మరణశయ్య మీద అబద్ధపు ఒట్టు వేయడం చిన్న విషయం కాదు. అయితే ఆ ఒట్టు ఆయన అమ్మినవాటికే. ఆ చెక్క పేరుతో సరుకు అమ్మింది ఆయనొక్కడే కాదు.

ఇప్పుడు పరీక్షించి తేల్చలేమా అని అడుగుతారు. మైక్రోస్కోప్ కింద చెక్క కణాలు చూస్తే అది మల్బరీ అవునో కాదో చెప్పొచ్చు. ఎవరి పెరట్లో పెరిగిందో ఆ కణాలు చెప్పవు. అందుకే మ్యూజియం వాళ్లు ముద్ర, చెక్కిన తీరు, వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న చరిత్ర, ఈ మూడూ కలిపి చూస్తారు.

(తెర మీద: న్యూ ప్లేస్ తోట, వంగిన కొమ్మలతో మల్బరీ చెట్టు.)

ఆ తోటలో ఇప్పుడూ ఒక మల్బరీ ఉంది. పాత చెట్టు కొమ్మ నుంచి పెంచిందని చెబుతారు. స్ట్రాట్‌ఫర్డ్ వెళ్తే ఆ చెట్టు కింద కాసేపు నిలబడండి.