మెరుపు కాదు, తడి చూడండి
(రేణిగుంట, శ్రీసిటీ ఫ్యాక్టరీల లైన్ సూపర్‌వైజర్లకు, ఐటీఐ బోధకులకు తిరుపతిలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శిక్షణ ఎందుకు పనికొస్తుంది, ఎందుకు పనికిరాదు అన్నది సోల్డరింగ్ బల్ల దగ్గరే, అంటే కరిగిన లోహంతో విడిభాగాలను సర్క్యూట్ బోర్డుకు అతికే చోటే మొదలుపెడతాను.

తగరం 63 పాళ్లు, సీసం 37 పాళ్లు ఉన్న పాత సోల్డర్ తీగ 183 డిగ్రీలకు కరుగుతుంది. చల్లారాక జాయింట్ తళతళలాడుతుంది. దాంతో నేర్పేటప్పుడు "మెరిస్తే మంచిది, మసకైతే చెడ్డది" అంటాం. అదే పిల్లవాడు ఫ్యాక్టరీకి వస్తే అక్కడ సీసం లేని తీగ. అది కరగడానికి సుమారు 217 డిగ్రీలు కావాలి, బాగా కుదిరిన జాయింట్ కూడా కాస్త మసకగానే ఉంటుంది. వాడు చెడిందనుకుని మళ్లీ కాలుస్తాడు, ఇంకోసారి కాలుస్తాడు. బోర్డు మీద పిన్ను అతికే రాగి ప్యాడ్ లేచి వచ్చేస్తుంది, బోర్డు స్క్రాప్. నేర్చుకోలేదని తిట్లు! పాపం, వాడు నేర్పింది నేర్పినట్టే చేశాడు. చూడాల్సింది మెరుపు కాదు, తడి. సోల్డర్ పిన్నునూ ప్యాడ్‌నూ తడిపి అంచుల దాకా పలచగా పాకిందా, తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలిచిందా?

ఒంట్లో చేరిన స్టాటిక్ విద్యుత్తును నేలకు పంపే మణికట్టు పట్టీ సంగతీ అంతే. పెట్టుకోమంటే పెట్టుకుంటారు, మీరు అటు తిరగ్గానే క్లిప్ తీసేస్తారు. స్టాటిక్ మన ఒంటికి చురుక్కుమనాలంటే సుమారు 3,000 వోల్టులు ఉండాలి, కొన్ని చిప్పులకు 100 వోల్టులు కూడా ఎక్కువే. పైగా దెబ్బతిన్న చిప్పు ఒక్కోసారి టెస్టులో పాసై, కొన్నవాళ్లింట్లో చస్తుంది. ఈ మాట చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. గోడకు పోస్టర్లు అంటించడం కంటే నయం.

1940లలో అమెరికా యుద్ధకాలపు ఫ్యాక్టరీల కోసం టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) అనే శిక్షణ పద్ధతి వచ్చింది. అందులో పని నేర్పడానికి నాలుగు దశలు: మనిషిని సిద్ధం చేయడం, చూపించడం, చేయించడం, లైన్ మీద వెంట ఉండి చూసుకోవడం. మొదటి రెండూ మనం బాగానే చేస్తాం. మూడోదాన్ని ఇట్లా చేయించండి: ఒకసారి ఊరికే చేయనిచ్చి తప్పు అక్కడికక్కడే దిద్దండి. తర్వాత పనిలోని మెట్లను నోటితో చెబుతూ, ఆపైన ఎక్కడ జాగ్రత్తపడాలో చెబుతూ, చివరగా ఎందుకో చెబుతూ చేయించండి. ఆ "ఎందుకు" దగ్గర నోరు తడబడితే ఇంకా పట్టుబడలేదన్నమాట. నగరి, సత్యవేడు వైపు పిల్లలు తమిళంలో చెబుతామంటే చెప్పనివ్వండి, సోల్డర్‌కు భాషతో పనేముంది?

నలభై మందికి నాలుగు సోల్డరింగ్ ఐరన్లు పెడితే రెండు గంటల ప్రాక్టికల్‌లో ఒక్కొక్కరి చేతికి దక్కేది పన్నెండు నిమిషాలు. మిగతాదంతా పక్కవాడి భుజం మీంచి చూడటమే.

ఇక నాలుగోది. కొత్తగా వచ్చిన అమ్మాయికి మొదటి రోజే పాతవాళ్ల టార్గెట్ ఇస్తే క్లాసులో నేర్చినదంతా మధ్యాహ్నానికే పోతుంది. మొదటి వారం లెక్క తగ్గించండి, రోజూ మొదటి ఇరవై జాయింట్లు ఆమెతో కలిసి భూతద్దం కింద చూడండి. శిక్షణ ఎట్లా ఉందని ఫారంలో అడిగితే అందరూ "బాగుంది" అనే రాస్తారు. నెల తర్వాత రీవర్క్ రిజిస్టర్, అంటే తప్పుపోయి మళ్లీ సరిచేసిన బోర్డుల లెక్క తిరగేయండి. ఒకే బ్యాచ్ వాళ్లు ఐదుగురు ఒకే తప్పు చేస్తుంటే పిలవాల్సింది ఆ ఐదుగురినీ కాదు, వాళ్లకు నేర్పినవాళ్లని.