కుట్టిన తర్వాత చేతులు ఎక్కడ ఉండాలి

సభకు నమస్కారం.

మనలో చాలామందికి ఈత నేర్పింది సముద్రం కాదు, బావి. నడుముకు ఎండిన మునగ బెండ్లు కట్టి బావిలోకి తోసేసిన మేనమామల పుణ్యాన ఈత వచ్చిన మనకు, అప్పట్లో నీళ్ల దగ్గర భయపడవలసినవి రెండే ఉండేవి: ఒకటి నీళ్ల పాము, రెండోది గట్టు మీద కర్ర పట్టుకుని నిలబడిన నాన్న. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు వాకాడు వైపు తూపిలిపాళెం తీరం కూడా జిల్లాలో చేరడంతో, కొండ కింద పుట్టినవాళ్లకు కాగితం మీద సముద్రం వచ్చింది. ఆ సముద్రంలో దిగడానికి మీలో కొందరు సిద్ధపడుతున్నారు కనుక, మూడో భయం గురించి, అంటే జెల్లీఫిష్ కుట్టడం గురించి ఈరోజు మాట్లాడతాను. నేను కాలేజీలో జంతుశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. అయినా ఈ విషయంలో పుస్తకం కన్నా నా ఎడమ ముంజెయ్యే నాకు ఎక్కువ నేర్పింది.

సుమారు పదేళ్ల కిందట చెన్నైకి దక్షిణాన ఒక తీరంలో, ఒడ్డుకు దూరంగా గంటసేపు ఈదిన తర్వాత, కాలిన అట్లకాడతో వాత పెట్టినట్టు ముంజెయ్యి చుర్రుమంది. చూస్తే నూలుపోగులాంటి నీలి దారం ఒకటి చేతికి చుట్టుకుని ఉంది. కుడిచేత్తో దాన్ని లాగేశాను. అదే కుడిచేత్తో, నీళ్లు చేరాయని, ఈత కళ్లద్దాలు సర్దుకున్నాను. మరుక్షణం రెప్ప మండింది. పడవ ఎక్కగానే ఒక మిత్రుడు ప్రేమకొద్దీ తాగేనీళ్ల సీసా చేతి మీద కుమ్మరించి, తువ్వాలుతో గట్టిగా తుడిచాడు. అప్పటిదాకా మూడు గీతలుగా ఉన్న వాత అరచేతి వెడల్పు మచ్చ అయింది. ఆ రోజు జెల్లీఫిష్ నాకు చేసిన హాని కొంతే. మిగిలినది నేనూ నా మిత్రుడూ కలిసి చేసుకున్నదే.

ఎందుకలా జరిగిందో తెలియాలంటే ఆ దారం లోపల ఏముందో చూడాలి. దాని పొడవునా కంటికి కనిపించని గుళికలు వేల సంఖ్యలో ఉంటాయి. ఒక్కొక్క గుళికలో విషంతో పాటు స్ప్రింగులా చుట్టుకున్న బోలు గొట్టం ఉంటుంది. చర్మం తగిలినప్పుడు ఆ గొట్టం బయటికి దూసుకువచ్చి గుచ్చుకుంటుంది. జెల్లీఫిష్‌కు దగ్గరి చుట్టమైన హైడ్రా అనే చిన్న జీవిలో ఈ పేలుడును కొలిచినప్పుడు, అది సెకనులో పది లక్షవ వంతు కన్నా తక్కువ కాలంలో ముగుస్తుందని తేలింది. కాబట్టి కుట్టకముందే చెయ్యి తీసుకుందామనే ఆశ మానుకోండి. అయితే చర్మానికి అంటుకున్న గుళికలన్నీ ఒకేసారి పేలవు. చాలా భాగం పేలకుండానే అతుక్కుని ఉంటాయి. రుద్దినా, నొక్కినా, ఉప్పునీటికి అలవాటుపడిన వాటి మీద మంచినీళ్లు పోసినా అవి కూడా పేలుతాయి. చేను గట్టు మీద దూలగొండి తగిలినవాడు గోకినకొద్దీ నూగు ఒళ్లంతా పాకించుకుంటాడని మన పల్లెల్లో అందరికీ తెలుసు. ఇదీ అలాంటిదే, కాకపోతే ఈ నూగులో విషపు సూదులు ఉన్నాయి. జీవి చచ్చి ఒడ్డున పడి ఉన్నా గుళికలు పనిచేస్తూనే ఉంటాయి కనుక, ఇసుకలో కనిపించిన నీలి బుడగను పిల్లలు కాలితో తన్నకుండా చూసుకోండి.

ఆ నీలి బుడగ నిజానికి జెల్లీఫిష్ కాదు. బ్లూబాటిల్ అనీ ఫైసేలియా అనీ పిలిచే ఈ జీవి, ఒక్కటిగా కనిపించే చిన్న జీవుల సమూహం. దాని దారాలు పది మీటర్ల దాకా, కొన్నిసార్లు ముప్పై మీటర్ల దాకా సాగుతాయి కాబట్టి, బుడగ దూరంగా ఉందని ధీమా పడటానికి లేదు. బంగాళాఖాతంలో దీనితో పాటు నాలుగు మూలల గంట ఆకారంలో ఉండే బాక్స్ జెల్లీఫిష్ జాతులూ ఉన్నాయి. ఏది కుట్టిందనే దాన్ని బట్టి చికిత్సలో కొంత తేడా వస్తుంది. కుట్టినచోట వెనిగర్ పోయాలా వద్దా అనే గొడవ అంతా ఇక్కడే. బాక్స్ జెల్లీ కుట్టినప్పుడు కనీసం అర నిమిషం పాటు వెనిగర్ పోస్తే పేలని గుళికలు పేలకుండా ఆగిపోతాయి. బ్లూబాటిల్ విషయంలో మాత్రం వెనిగర్ వద్దని ఆస్ట్రేలియా వైద్య మార్గదర్శకాలు చెబితే, మేలే చేస్తుందని హవాయి పరిశోధకులు అంటున్నారు. నా మటుకు నేను నీలి దారం కనిపిస్తే వెనిగర్ జోలికి పోను. సముద్రపు నీటితోనే కడిగి, దారం మిగిలి ఉంటే పట్టకారుతో ఎత్తి తీసేసి, వేడినీళ్లు పెడతాను.

ఈ వేడినీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2006లో ఆస్ట్రేలియాలో బ్లూబాటిల్ కుట్టిన 96 మందిలో కొందరికి 45 డిగ్రీల వేడినీళ్లు, మిగిలినవారికి ఐసు పెట్టి చూశారు. ఇరవై నిమిషాలకు నొప్పి తగ్గిందన్నవారు వేడినీళ్ల వర్గంలో 87 శాతం ఉంటే, ఐసు వర్గంలో 33 శాతమే ఉన్నారు. విషంలోని ప్రోటీన్లు వేడికి చెడిపోతాయి. కానీ ఈది అలసిన చర్మానికి, అందులోనూ నొప్పితో ఉన్న చర్మానికి, వేడి ఎంతో సరిగా తెలియదు. అందుకని కుట్టించుకోనివాళ్లు ఎవరైనా తమ చెయ్యి ముంచి చూసి, తాము ఓర్చుకోగలిగిన వేడినే పోయాలి. కొండ ఎక్కే ప్రయాణంలో పసిపిల్లల పాలకు వేడినీళ్లు మోసుకెళ్లే ఫ్లాస్కు చాలు. అది పడవలో ఉండాలి. ఆ రోజు నా పడవలో అరటిపళ్లు రెండు డజన్లు ఉన్నాయి గానీ ఫ్లాస్కు లేదు. వేడినీళ్లు దొరకకపోతే గుడ్డలో చుట్టిన ఐసు పెట్టవచ్చు. మూత్రం పోయడం, ఇసుకతో రుద్దడం, సారా పోయడం లాంటివాటి మీద ఇక్కడ సమయం వృథా చేయను.

మొదటిసారి కుట్టినప్పుడు ఏమీ కాలేదు కదా అని రెండోసారికి ధైర్యం తెచ్చుకోకండి. 1901లో మొనాకో రాజు ఓడ మీద ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు చార్లెస్ రిషే, సహచరుడు పోర్టియేతో కలిసి ఈ ఫైసేలియా విషాన్నే పరిశీలించాడు. తర్వాత పారిస్‌లో, జెల్లీఫిష్‌కు చుట్టమే అయిన సముద్రపు ఎనిమోన్ అనే జీవి విషాన్ని కుక్కలకు ఇచ్చి చూస్తే, మొదటి మోతాదుకు బతికినవి కొన్ని వారాల తర్వాత ఇంకా చిన్న మోతాదుకే నిమిషాల్లో కూలిపోయాయి. ఒకసారి తగిలినదానికే మళ్లీ తగిలినప్పుడు ఒళ్లు ప్రాణం మీదికి తెచ్చేంతగా ఎదురుతిరగడాన్ని చెప్పే అనఫిలాక్సిస్ అనే మాట అక్కడే పుట్టింది, 1913లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. పెదవులు, నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో గానీ నడుములో గానీ భరించలేని నొప్పి వచ్చినా, వాంతులు ఆగకపోయినా ఫ్లాస్కు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. నాకు వచ్చినట్టు పది రోజుల తర్వాత అదే చోట మళ్లీ దురద, దద్దుర్లు లేస్తే మాత్రం కంగారు పడనక్కరలేదు. డాక్టరుకు చూపిస్తే తగ్గే మందు రాసిస్తారు.

ముందు జాగ్రత్తకు ఒళ్లంతా కప్పే పలుచని బిగుతు దుస్తులు బాగా పనికొస్తాయి. క్యూబా నుంచి ఫ్లోరిడా వైపు ఈదిన అమెరికా ఈతగత్తె డయానా నయాడ్ 2011లో కుట్టించుకుని ఆగిపోయి, 2013లో ముఖానికి కూడా సిలికాన్ ముసుగు వేసుకుని దిగారు. అయితే దుస్తుల లోపల చిక్కుకున్న ముక్కలు, పిల్ల జెల్లీలు మంచినీళ్లు తగలగానే కుడతాయి కాబట్టి, బట్టలు విప్పిన తర్వాతే షవర్ కిందికి వెళ్లండి.

ఇక అన్నిటికన్నా కష్టమైనది నీళ్లలో మొదటి అర నిమిషం. కుట్టగానే గుండె అదురుతుంది, నోరు తెరుచుకుంటుంది, ఉప్పునీళ్లు లోపలికి పోతాయి. విషం కన్నా ముందు మనిషిని ముంచేది ఇదే. మొన్న, కుట్టినచోటికి చేతులు పోనివ్వకూడదని చెబితే ఒక అమ్మాయి, "చేతులు కదల్చకుండా ఎలా ఉంటాం సార్, అవి వాటంతటవే పోతాయి కదా!" అని అడిగింది. నిజమే, పోతాయి. అందుకే వచ్చే ఆదివారం ఉదయం ఐదున్నరకు అందరూ కొలను దగ్గరికి రండి. మీరు ఈదుతుండగా నేను గట్టు మీది నుంచి, మీకు చెప్పకుండా, ఐసునీళ్లలో నానిన నులక తాడు మీ మెడ మీద వేస్తాను. మీరు వెల్లకిలా తిరిగి, తాడును ముట్టకుండా, కళ్లద్దాలు సర్దుకోకుండా, పది ఊపిరులు లెక్కపెట్టి, ఆ తర్వాతే ఒక చెయ్యి పైకెత్తి పడవను పిలవాలి. పది పూర్తికాకుండా తాడు లాగేసినవాళ్లు మళ్లీ మొదటి నుంచి ఈదవలసి ఉంటుంది.